పొడిగా ఉన్న చోటు: వెనుక కార్గో అడుగున మూసుకుపోయిన ఒక డ్రెయిన్ వాల్వు కేసు

విశాఖపట్నం విమానాశ్రయంలో రాత్రిళ్లు ఆగే విమానాలను తనిఖీ చేసి, తెల్లవారుజామున మళ్లీ ప్రయాణానికి విడుదల చేసే మెయింటెనెన్స్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఈ కేసు మధ్యలో ఒకే నడవ ఉండే ఒక జెట్ విమానానికి సంబంధించినది. విమానయాన సంస్థ పేరు, విమానం రకం, రిజిస్ట్రేషన్ నంబరు ఇక్కడ చెప్పను. అవి లేకపోయినా ఈ వృత్తిలో ఉన్నవారికి కావలసిన విషయం ఏదీ తగ్గదు. కర్మాగారం నుంచి వచ్చి ఆ విమానానికి అప్పటికి రెండేళ్లు నిండలేదు. అంత కొత్త విమానంలో కరోషన్ కోసం, అంటే లోహాన్ని తినే చిలుము కోసం, ఎవరూ వెతకరు. పాత విమానమైతే అడుగున ఏముందో అన్న అనుమానంతోనే ప్యానెల్ విప్పుతాం, కొత్తదైతే కాగితాలను నమ్ముతాం. మమ్మల్ని మొదట తప్పుదారి పట్టించింది ఆ నమ్మకమే.

విశాఖ గాలి గురించి కొంత చెప్పకపోతే ఈ కేసు సగమే అర్థమవుతుంది. మా విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా స్థావరంలో ఉంది. దగ్గరలోనే మేఘాద్రి గెడ్డ జలాశయం, తూర్పున ఓడరేవు, ఆ పైన సముద్రం. రిఫైనరీ, ఎరువుల కర్మాగారం, ఉక్కు కర్మాగారం అన్నీ ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. రాత్రంతా నిలబెట్టిన విమానం రెక్క మీద తెల్లవారాక చేయి వేస్తే వేళ్లకు తడి అంటుకుంటుంది, ఆ తడి ఆరితే సన్నటి గరుకు మిగులుతుంది. అది ఉప్పు. అల్యూమినియం మిశ్రమ లోహానికి ఉప్పు తేమను మించి హాని చేసేవి తక్కువ, దానికి గంధకం కలిసిన పొగ తోడైతే ఆ హాని ఇంకా త్వరగా జరుగుతుంది. అందుకే తయారీ సంస్థలు కూడా విమానం ఎక్కువగా ఏ ప్రాంతంలో తిరుగుతుందో చూసి కరోషన్ తీవ్రతను అంచనా కడతాయి, తీరప్రాంతాల్లో తిరిగే విమానాలకు కడగడం, తనిఖీ చేయడం తరచుగా జరగాలని చెబుతాయి.

మరొక స్థానిక సంగతి కూడా ఉంది. భీమిలి వైపు తీరం వెంబడి రొయ్యల హేచరీలు ఉన్నాయి. అక్కడి సీడును, అంటే రొయ్య పిల్లలను, సముద్రపు నీటితో సహా పాలిథీన్ సంచుల్లో పోసి, ఆక్సిజన్ నింపి, మూతి బిగించి, పెట్టెల్లో సర్ది విమానాల్లో పంపుతారు. ప్యాకింగ్ నియమాలు కచ్చితంగానే ఉన్నాయి. అయినా నూటికో సంచి పగులుతుంది, లేదా పెట్టె అడ్డంగా పడి మూతి సడలుతుంది. అప్పుడు కారేది మంచినీళ్లు కాదు. కార్గో ఫ్లోర్ ప్యానెళ్ల అతుకుల మీద అంటించిన టేపు ఎక్కడైనా చిరిగి ఉంటే ఆ ఉప్పునీరు నేరుగా విమానం అడుగుభాగంలోకి, మేము బిల్జ్ అని పిలిచే చోటికి దిగుతుంది.

బిల్జ్‌లోకి నీళ్లు రావడం దానంతట అది లోపం కాదు. నూట ఎనభై మంది ఊపిరిలోని తేమ చల్లటి లోపలి గోడ మీద పట్టి కిందికి జారుతుంది, వర్షంలో తలుపులు తెరిస్తే కొంత చేరుతుంది, గ్యాలీలో, అంటే విమానంలోని వంటగదిలో, ఒలికినది కొంత దిగుతుంది. ఆ నీరు ఫ్రేముల (విమానం ఒంటి చుట్టూ ఉండే పక్కటెముకల) మధ్య, స్ట్రింగర్లకు (పొడవునా సాగే సన్నటి బద్దలకు) పెట్టిన రంధ్రాల గుండా పల్లానికి చేరి, పొట్ట కింద వరుసగా ఉన్న డ్రెయిన్ వాల్వుల నుంచి బయటికి పోవాలి. ఈ వాల్వుల్లో ఒక స్ప్రింగు ఉంటుంది. నేల మీద ఉన్నప్పుడు అది వాల్వును తెరిచి ఉంచుతుంది. పైకి వెళ్లి క్యాబిన్‌లో ఒత్తిడి పెరిగినప్పుడు ఆ ఒత్తిడే వాల్వును మూసేస్తుంది. కాబట్టి విమానం దిగి, చక్రాలకు అడ్డంగా చోకులు వేసిన కాసేపటికి పొట్ట కింద ఏప్రాన్ మీద, అంటే విమానాలు నిలిపే కాంక్రీటు మీద, బొట్లు బొట్లుగా తడి మరకలు పడతాయి. రోజూ చూసేవాళ్లం కనుక ఆ మరకలను మేము చూడటం మానేశాం.

మా షిఫ్టులో గోపాలపట్నం నుంచి వచ్చే ఒక టెక్నీషియన్ కుర్రాడు ఉన్నాడు. అతను చూడటం మానలేదు. అక్టోబరు నెలలో ఒక రాత్రి, పదిన్నర దాటాక వచ్చిన ఈ విమానం కింద టార్చి వేసి నన్ను పిలిచాడు. "సార్, దీనికి ఇక్కడ ఎప్పుడూ తడుండదండి. మిగతా విమానాలకి ఇదే చోట బొట్టు పడతాది" అన్నాడు. వెనుక కార్గో తలుపుకు కొంచెం వెనుకగా, ముందూ వెనుకా రెండు మరకల మధ్య కాంక్రీటు పొడిగా ఉంది. ఆ సాయంత్రం వాన పడలేదు, గాలి మాత్రం పిండితే నీళ్లు వచ్చేలా ఉంది. ఎన్నిసార్లు చూశావని అడిగితే, ఈ విమానం వచ్చిన నాలుగైదు సార్లూ ఇంతేనని, మొదట తన భ్రమ అనుకున్నానని చెప్పాడు.

వాల్వును వేలితో నొక్కి చూశాను. లోపల కదిలే మూత, పోపెట్, చక్కగా పైకి వెళ్లింది, వదిలితే చక్కగా కిందికి వచ్చింది. ఆ పరీక్ష ప్రకారం వాల్వు బాగానే ఉన్నట్టు. కానీ ఒక్క చుక్క కూడా రాలేదు, వేలికి తేమ కూడా అంటలేదు. పని చేసే వాల్వులోంచి నీళ్లు రావడం లేదంటే లోపల నీళ్లు లేకపోవాలి, లేదా ఉన్న నీళ్లు అక్కడిదాకా చేరకుండా ఏదో అడ్డుపడాలి. అటూ ఇటూ ఉన్న రెండు వాల్వుల నుంచి నీళ్లు వస్తున్నప్పుడు మధ్యదాని పైన మాత్రం ఎండిపోయి ఉంటుందని అనుకోవడం కష్టం.

రోజువారీ తనిఖీలో కార్గో ఫ్లోర్ విప్పడం ఉండదు. అది నా నిర్ణయం మీద జరగవలసిన అదనపు పని. పొద్దున 6.10కి విమానం బయలుదేరాలి. ప్యానెల్ స్క్రూలు విప్పడం, చూడటం, మళ్లీ బిగించి టేపు వేయడం, అన్నీ కలిపి ఇద్దరికి కనీసం రెండు గంటలు పడుతుంది. విప్పాము.

ప్యానెల్ లేపగానే ముందు వాసన వచ్చింది. కుళ్లిన చేపల బుట్టను మూతపెట్టి ఎండలో ఉంచి తీసినట్టు ఉంది. టార్చి వెలుగులో రెండు ఫ్రేముల మధ్య నల్లటి టీ రంగు నీళ్లు నిలిచి ఉన్నాయి, వేలు ముంచితే రెండు కణుపులు మునిగాయి. పైన సన్నటి జిడ్డు పొర. పక్క గదిలో, అంటే ఆ ఫ్రేముకు అవతల, అడుగు శుభ్రంగా, దాదాపు పొడిగా ఉంది. చేతి పంపుతో తోడితే నాలుగు లీటర్లు దాటింది. మొదటి లీటరును శుభ్రమైన సీసాలో పట్టి, సీలు వేసి, తేదీ, సమయం రాసి పక్కన పెట్టించాను. ఇలాంటి చోట ముందు శుభ్రం చేద్దామనే తొందర సహజంగా కలుగుతుంది, కానీ ఒకసారి తుడిచేస్తే కారణం కూడా గుడ్డతోపాటే పోతుంది. నీళ్లు తీశాక స్కేలు పక్కన పెట్టి, నాలుగు కోణాల్లో ఫొటోలు తీసే వరకు ఎవరినీ అందులో చేయి పెట్టనివ్వలేదు.

వాల్వు పైభాగంలో, నీరు దిగవలసిన రంధ్రం ఉండవలసిన చోట, బూడిద రంగు సీలెంట్ (అతుకులను మూసే జిగురు లాంటి పదార్థం) గుండ్రంగా గట్టిపడి ఉంది. పక్కన ఉన్న అతుకుకు వేసిన సీలెంట్ అక్కడిదాకా పారి, దాన్ని ఎవరో గరిటెలాంటి పనిముట్టుతో నున్నగా సర్దినట్టు గీత కూడా కనబడుతోంది. రంధ్రం ఎక్కడ ఉందో తెలియకుండా సర్దిన చేయి అది. అయితే ఆ చేయి ఎక్కడిది? కర్మాగారంలోదా, తర్వాత ఏదైనా హ్యాంగర్‌లోదా? ఇక్కడ మాకు పొరలు సాక్ష్యమిచ్చాయి. బిల్జ్‌లో రంగు, సీలెంట్ అన్నీ అయ్యాక చివరిగా కరోషన్‌ను ఆపే మైనం లాంటి రసాయనాన్ని చల్లుతారు, అది ఆరాక లేత గోధుమ రంగు పొరగా నిలుస్తుంది. ఆ పొర సీలెంట్ మీదుగా ఎక్కడా తెగకుండా పక్కలకు పరుచుకుని ఉంది. రికార్డుల ప్రకారం డెలివరీ తర్వాత ఆ ప్రాంతంలో ఆ రసాయనాన్ని ఎవరూ మళ్లీ చల్లలేదు, సీలెంట్ పని కూడా ఎవరూ చేయలేదు. అంటే రంధ్రం మూసుకుపోయినది చివరి పూతకు ముందు, కర్మాగారంలోనే. ప్లాస్టిక్ గరిటెతో మెల్లగా గీరితే పెన్సిల్ మందం రంధ్రం బయటపడింది. ఇనుప పనిముట్టు వాడితే కింద ఉన్న రంగు గీసుకుపోయి రేపటి కరోషన్‌కు మనమే దారి వేసినట్టవుతుంది.

సీలెంట్ కంటే నన్ను ఎక్కువ ఆందోళన పెట్టినది దాని పక్కన ఉన్న ఫ్రేము అడుగు అంచు. నాలుగు రివెట్ల తలల చుట్టూ రంగు పొంగి, కొన్నిచోట్ల పగిలి, ఆ పగుళ్లలో సున్నంలాంటి తెల్లటి పొడి ఉంది. ఫ్రేమును స్ట్రింగరుతో కలిపే చిన్న క్లిప్పు ఒకటి అంచున పొరలు పొరలుగా విచ్చుకుంది. అల్యూమినియం చిలుము ఇనుప తుప్పులా ఎర్రగా కనబడదు కాబట్టి కొత్తవాళ్లు దాన్ని దుమ్మనుకుని తుడిచేస్తారు. ఆ పొడి తన కింద ఉన్న లోహాన్ని తిని ఏర్పడినది. ఎంత తిన్నదో పైనుంచి చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. చిలుమునంతా తొలగించి, మిగిలిన లోహం మందాన్ని కొలిచి, స్ట్రక్చరల్ రిపేర్ మాన్యువల్‌లో ఇచ్చిన పరిమితితో పోల్చితేనే తెలుస్తుంది. పరిమితి లోపల ఉంటే అది మొదటి స్థాయి కరోషన్, దాటితే రెండవ స్థాయి, వెంటనే మొత్తం విమానాల ఎయిర్‌వర్దినెస్‌ను, అంటే అవి ఎగరడానికి తగినవేనా అన్నదాన్ని, ప్రశ్నించవలసినంత తీవ్రంగా ఉంటే మూడవ స్థాయి. ఆ కొలత తీసే పరికరాలు, దానికి అర్హత ఉన్న మనుషులు మా స్టేషన్‌లో లేరు.

తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆపరేషన్స్ కంట్రోల్ నుంచి ఫోను వచ్చింది. అవతలి వ్యక్తి మర్యాదగానే మాట్లాడారు. "నీళ్లు తీసేశారు కదండీ. ఒక్క సెక్టారు, హైదరాబాద్ దాకా పంపించేయండి. అక్కడ హ్యాంగర్‌లో చూసుకుంటారు" అన్నారు. ఆయన అడగడంలో దురుద్దేశం లేదు. ఆయన ముందు ఒక తెర మీద నూట ఎనభై మంది ప్రయాణికులు, వాళ్ల కనెక్షన్లు, ఆ రోజంతా ఆ విమానం ఎగరవలసిన ఆరు ప్రయాణాలు ఉన్నాయి. "క్లిప్పు ఎంత మిగిలిందో నేను కొలవలేదండీ. కొలవనిది బాగుందని ఎలా సంతకం చెయ్యమంటారు?" అన్నాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, ఏఓజీ (లోపం వల్ల నేల మీద ఆగిపోయిన విమానం) అని రాసుకుంటానని చెప్పి పెట్టేశారు.

నియమం విషయంలో అక్కడ సందిగ్ధమేమీ లేదు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమావళి సీఏఆర్-ఎం ప్రకారం ఒక లోపం ప్రయాణ భద్రతకు తీవ్రమైన ప్రమాదమా కాదా, దాన్ని వాయిదా వేయవచ్చా అనేది ఆమోదిత మెయింటెనెన్స్ సమాచారాన్ని ఆధారంగా చేసుకుని అధికారం పొందిన సర్టిఫైయింగ్ స్టాఫే, అంటే విమానాన్ని విడుదల చేస్తూ సంతకం పెట్టేవారే, నిర్ణయించాలి, షెడ్యూలు చూసేవారు కాదు. ఏ పరికరం పనిచేయకపోయినా ఎగరవచ్చో చెప్పే మినిమమ్ ఎక్విప్‌మెంట్ లిస్టు ఈ సందర్భంలో అక్కరకు రాదు, ఎందుకంటే అది పరికరాలకు సంబంధించినదే తప్ప విమానం ఎముకలకు సంబంధించినది కాదు. ఫ్రేముకు దెబ్బ తగిలితే మాన్యువల్ పరిమితి అయినా చూపాలి, తయారీ సంస్థ ఇంజినీర్ల నుంచి రాతపూర్వక అనుమతి అయినా ఉండాలి. ప్రయాణికులు లేకుండా ప్రత్యేక అనుమతితో హైదరాబాద్‌కు తీసుకుపోయే మార్గం ఒకటి ఆలోచించాము, కానీ దానికైనా ముందు కొలత కావాలి. చివరికి మధ్యాహ్నం విమానంలో స్ట్రక్చర్స్ మనుషులు, లోహంలో పగుళ్లను, మందాన్ని చూసే ఎడ్డీ కరెంట్, అల్ట్రాసోనిక్ పరికరాలతో హైదరాబాద్ నుంచి వచ్చారు. ఫ్రేము అంచున చిలుము తొలగించాక మిగిలిన మందం పరిమితి లోపలే ఉంది, పగుళ్లు లేవు. క్లిప్పు మాత్రం పరిమితి దాటింది. దాన్ని తీసి కొత్తది వేసి, రివెట్లు కొట్టి, రంగు, సీలెంట్, పూత అన్నీ అయ్యేసరికి రెండు రోజులు పట్టింది.

విమానం కూలిపోయే పరిస్థితి ఉందా అని తర్వాత చాలామంది అడిగారు. ఆ రోజున లేదు. ఒక్క క్లిప్పు పోతే విమానం పడిపోకుండానే దాన్ని రూపొందిస్తారు. కానీ ఆ నీళ్లు అక్కడే ఉండి ఇంకొక నాలుగేళ్లు పెద్ద చెక్ దాకా ఎవరూ ప్యానెల్ విప్పకపోతే, చిలుము క్లిప్పుతో ఆగేది కాదు. ప్రతి ప్రయాణంలో ఒకసారి ఉబ్బి తగ్గే ఆ లోహంలో, చిలుము తిన్న ప్రతి గుంట ఒక పగులుకు మొదలవుతుంది.

విమానం వెళ్లాక నాకు మిగిలిన పని రికార్డులు చూడటం. అక్కడ ఈ కేసులో నాకు అన్నిటికంటే బాధ కలిగించిన భాగం ఉంది. ఎనిమిది నెలల ముందు జరిగిన ఒక చెక్‌లో డ్రెయిన్ వాల్వుల టాస్క్ కార్డు ఉంది. అన్నిటికీ కలిపి ఒక్క సంతకం. ఆ ఇంజినీరు చూడకుండా సంతకం పెట్టాడని మొదట అనుకున్నాను, కానీ అది అన్యాయం. కార్డు అడిగినది బయటి నుంచి వాల్వు కదలికను, శుభ్రతను చూడమని మాత్రమే. నేను వేలితో నొక్కినప్పుడు కదిలినట్టే ఆయన నొక్కినప్పుడూ కదిలి ఉంటుంది. కార్డు అడిగినదానికి ఆయన నిజాయితీగానే జవాబు చెప్పాడు. అడగవలసినది కార్డు అడగలేదు. నీరు లోపలి నుంచి బయటికి వస్తోందా అన్నదే అసలు ప్రశ్న, అది ఆ కార్డులో ఎక్కడా లేదు.

తర్వాత లాగ్ పుస్తకాలు తిరగేశాను. నాలుగు నెలల్లో మూడుసార్లు, మూడు ఊళ్లలో, వెనుక కార్గోలో దుర్వాసన అని రాసి ఉంది. మూడుసార్లూ శుభ్రం చేసి మూసేశారు. ఆ మూడు సంతకాల్లో ఒకటి నాది. ఆ రాత్రి నాకు బాగా గుర్తుంది. లోడర్లను పిలిచి ఫ్లోర్ కడిగించాను, తడి సరుకేమైనా ఉందేమోనని మూలలు చూశాను, ఏమీ కనబడక వాసన పోవడానికి మందు కొట్టించి "శుభ్రపరచడమైనది, తృప్తికరం" అని రాశాను. ప్యానెల్ విప్పాలని తోచలేదు. వాసన అనేది శుభ్రత సమస్య అని, నిర్మాణ సమస్య కాదని అప్పటి నా బుద్ధి. ఇంకా లోతుకు పోతే, పదేపదే వచ్చే లోపాలను పట్టుకోవడానికి సంస్థలో ఒక పద్ధతి ఉంది, అది ఒకే కోడు కింద ఒక లోపం పదేపదే నమోదైతేనే హెచ్చరిస్తుంది. ఈ మూడింటిని ముగ్గురం మూడు కోడ్ల కింద రాశాము, ఒకరు క్యాబిన్ శుభ్రత అని, ఒకరు కార్గో లైనింగు అని, నేను ఫ్లోర్ కవరింగ్ అని. కాబట్టి ఆ పద్ధతికి మూడు వేరువేరు చిన్న విషయాలు కనబడ్డాయే తప్ప ఒకే విషయం మూడుసార్లు కనబడలేదు.

ఫ్లోర్ ప్యానెల్ అతుకు టేపు కూడా ఒక చోట రెండు అంగుళాల మేర ఊడి ఉంది. సీసాలో పట్టిన నీళ్లను పరీక్షిస్తే క్లోరైడ్ చాలా ఎక్కువగా ఉంది, గాలిలోని తేమ చల్లబడి ఏర్పడిన నీటిలో అంత ఉండదు. ఆ నెలల్లో ఆ విమానంలో రొయ్య సీడు వెళ్లిన రోజులు లోడింగ్ కాగితాల్లో ఉన్నాయి, కానీ పెట్టె పగిలినట్టు ఒక్క నివేదిక కూడా లేదు. పగిలినవాటిని చూసిన లోడర్లు ఉండి ఉంటారు. వాళ్లు చెప్పవలసిన చోటు ఏదో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇక బాధ్యత ఎవరిదనే ప్రశ్న. తయారీ సంస్థ తరఫు ప్రతినిధి మాటల సారం, కరోషన్‌కు కారణం సరుకు నుంచి కారిన ఉప్పునీరు, అది వాడకందారు చూసుకోవలసినది అని. మా సంస్థ వారంటీ విభాగం వాదన, రంధ్రం తెరిచి ఉంటే ఏ నీరైనా బయటికి పోయేదని. రెండూ నిజమే. ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ఒప్పందాల విషయం, దాన్ని వాళ్లు తేల్చుకుంటారు. అయితే విమానం ఎగరడానికి తగిన స్థితిలో ఉందా లేదా చూడవలసిన బాధ్యతకు, ఆ ఖర్చు లెక్కకు ముడి వేయడం తప్పు. సీఏఆర్-ఎం ఆ బాధ్యతను విమానాన్ని నడిపే సంస్థ మీదే ఉంచింది, లోపం ఎక్కడ పుట్టినా సరే. బిడ్డ పుట్టుకతో వచ్చిన జబ్బుకు తల్లిదండ్రులను నిందించలేము, కానీ మూడుసార్లు జ్వరం వచ్చినా వైద్యుడికి చూపించకపోతే ఆ తప్పు వారిదే.

ఈ విషయంలో నేను తరచు తలుచుకునేది 1988 ఏప్రిల్ 28న హవాయిలో జరిగిన అలోహా ఎయిర్‌లైన్స్ 243 ప్రమాదం. బోయింగ్ 737-200 విమానం, అప్పటికి 89,680 ప్రయాణాలు చేసింది, అన్నీ దీవుల మధ్య సముద్రం మీద చిన్న చిన్న ప్రయాణాలు. 24,000 అడుగుల ఎత్తున ముందు భాగపు పైకప్పు సుమారు 18 అడుగుల మేర ఊడిపోయింది, ఒక విమాన సహాయకురాలు ప్రాణాలు కోల్పోయారు. తొలినాటి 737లలో రేకులను అంచుల దగ్గర ఒకదానిమీద ఒకటి అతికించిన పద్ధతిలోనే బలహీనత ఉంది, అది తయారీ నాటిది. అతుకు ఊడిన చోట తేమ చేరి కరోషన్ పట్టింది, భారమంతా రివెట్ల మీద పడి పగుళ్లు పుట్టాయి. తయారీ సంస్థ ఏళ్ల ముందే హెచ్చరించింది. అయినా అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ ప్రధాన కారణంగా చూపినది, ఆ నష్టాన్ని కనిపెట్టలేకపోయిన విమానయాన సంస్థ మెయింటెనెన్స్ వ్యవస్థను. ఆ నివేదికలో ఒక వాక్యం నన్ను వదలదు. విమానం ఎక్కుతున్నప్పుడు తలుపు దగ్గర పగులు చూసిన ప్రయాణికురాలు ఒకరు ఎవరికీ చెప్పలేదు. మా కుర్రాడు నాలుగైదు సార్లు తన భ్రమ అనుకున్నది కూడా అలాంటి మౌనమే. ఐదోసారి నోరు తెరిచాడు.

విమానయాన సంస్థ చూసి తీరవలసినదని చెప్పలేని సందర్భాలూ ఉన్నాయి, వాటిని కలిపేయకూడదు. 2024 జనవరి 5న పోర్ట్‌లాండ్ నుంచి బయలుదేరిన అలాస్కా ఎయిర్‌లైన్స్ 1282 విమానం, బోయింగ్ 737-9, సుమారు 14,800 అడుగుల దగ్గర ఉండగా ఎడమ పక్క డోర్ ప్లగ్ (వాడని తలుపు చోటును మూసే పలక) ఊడిపోయింది. రెంటన్ కర్మాగారంలో రివెట్ల మరమ్మతు కోసం ఆ ప్లగ్‌ను తెరిచి, మూసినప్పుడు నాలుగు బోల్టులు తిరిగి వేయలేదు, తెరిచినట్టు సరైన రికార్డు కూడా రాయలేదు. విమానం డెలివరీ అయ్యి మూడు నెలలు కూడా కాలేదు. ప్లగ్ ప్రతి ప్రయాణానికీ కొద్దికొద్దిగా పైకి జరుగుతూ వచ్చింది, అయితే ఆ జరుగుదల విమానం చుట్టూ తిరిగి చూసేవారికి కనబడే అవకాశం లేదు. అక్కడ ఎన్‌టీఎస్‌బీ వేలు చూపినది కర్మాగారం వైపు, దాన్ని పర్యవేక్షించవలసిన అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ వైపు. మా కేసులో మాకు ఆ మినహాయింపు దొరకదు, ఎందుకంటే మాకు వాసన వచ్చింది, పొడి మరక కనబడింది.

కనబడిన లోపాన్ని చెప్పడం వల్ల ఏమవుతుందో ఆ అలాస్కా ప్రమాదానికి సరిగ్గా ముందు వారం, 2023 డిసెంబరు చివరలో చూశాము. విదేశంలో ఒక విమానయాన సంస్థ మామూలు మెయింటెనెన్స్‌లో 737 మ్యాక్స్ రడ్డర్ (తోక మీద ఉండే చుక్కాని) నియంత్రణ లింకులో ఒక బోల్టుకు నట్టు లేదని గమనించి తయారీ సంస్థకు తెలియజేసింది. వెతికితే ఇంకా డెలివరీ కాని మరొక విమానంలో నట్టు సరిగా బిగించలేదని తేలింది. ఆ తర్వాతే అన్ని మ్యాక్స్ విమానాల్లో ఆ చోటు తనిఖీ చేయాలని కోరారు. ఎక్కడో ఒక మెకానిక్ నట్టు బిగించేసి ఊరుకుని ఉంటే ఆ ఒక్క విమానం బాగుపడేది, మిగతావి అలాగే ఎగిరేవి.

అందుకే మేము రిపేరుతో ఆగలేదు. మెయింటెనెన్స్ సంస్థలకు వర్తించే సీఏఆర్-145 ప్రకారం ఇలాంటి లోపాన్ని డీజీసీఏకు, విమానాన్ని రూపొందించిన సంస్థకు 72 గంటల్లోపల తెలియజేయాలి. నివేదిక రాసేటప్పుడు క్వాలిటీ విభాగంలో ఒకరు "ఒక్క క్లిప్పుకి ఇంత అవసరమాండీ" అన్నారు. క్లిప్పు కోసమైతే అవసరం లేదు. ఆ సీలెంట్ గరిటె పట్టిన చేయి అదే వరుసలో ముందూ వెనుకా ఎన్ని విమానాల మీద పనిచేసిందో మాకు తెలియదు, తెలిసే అవకాశం ఉన్నది తయారీ సంస్థకే. పొరల ఫొటోలు, నీటి పరీక్ష, రంధ్రం కొలత, వాసన ఎంట్రీలు మూడూ, నా సంతకం ఉన్నదానితో సహా, అన్నీ జతచేశాము.

మా సంస్థ అదే కాలంలో వచ్చిన తన సోదర విమానాల్లో ఆ గదిని విప్పి చూసింది. ఒకదానిలో అదే రంధ్రం సగం మూసుకుని కనబడింది, అక్కడ నీరు తక్కువ, చిలుము లేదు. తయారీ సంస్థ ఆ చోట సీలెంట్ వేసే ముందు రంధ్రాలకు తాత్కాలిక బిరడాలు పెట్టేలా పని సూచన మార్చినట్టు రాసింది. కరోషన్‌కు మూలం సరుకు నీరేనన్న మాటను మాత్రం అలాగే ఉంచింది.

మా వైపు మారినవి మూడు. డ్రెయిన్ వాల్వుల కార్డులో ఇప్పుడు ప్రతి వాల్వుకు విడిగా గడి ఉంది, ఏటా ఒకసారి కార్గో ఫ్లోర్ విప్పి, ఒక్కో గదిలో అర లీటరు శుభ్రమైన నీరు పోసి, కింద పాత్ర పెట్టి ఎంత వచ్చిందో ఆ గడిలో అంకె రాయాలి. "తృప్తికరం" అని రాస్తే కార్డు వెనక్కి వస్తుంది. కార్గో వాసన, తడి, మరక ఏదైనా ఒకే కోడు కింద రాయాలి, రెండోసారి వస్తే ప్యానెల్ విప్పాలి. మూడవది లోడర్లకు సంబంధించినది, తడి పెట్టె కనబడితే వాళ్లు ఎవరి అనుమతీ అడగకుండా మా గదికి ఫోను చేయవచ్చు. మొదటి నెలలో వచ్చిన ఫోన్లలో ఎక్కువ వాటికి వెళ్లి చూస్తే ఐసు కరిగిన తడి తప్ప ఏమీ లేదు. ఒక్కసారి మాత్రం సీడు సంచి పగిలి, నీరు అతుకు టేపు దాకా వచ్చి ఆగి ఉంది. విమానం కదలకముందే తుడిచి, మంచినీటితో కడిగి, టేపు మార్చాము.

బాగుచేసిన ఫ్రేము మీద ప్రతి పెద్ద చెక్‌లోనూ ఎడ్డీ కరెంట్ తనిఖీ చేయాలని రికార్డులో రాసి ఉంది, విమానం ఏ సంస్థ చేతికి మారినా ఆ కాగితం దానితోపాటే వెళుతుంది. ఆ విమానం ఇప్పటికీ కొన్ని రాత్రులు విశాఖలో ఆగుతుంది. ఆ కుర్రాడు ఇప్పుడు లైసెన్సు పరీక్షలకు చదువుతున్నాడు. చోకులు వేశాక టార్చి తీసుకుని ముందు పొట్ట కిందికే వెళతాడు, నేను కూడా వెళతాను.